అముకుడి నలభై రోజుల పూజ

యజ్ఞేశ్వరం గారితో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన ప్రశ్నకు జవాబు చెప్పరు, పని చెబుతారు. "మనసు నిలవడం లేదండీ" అని వెళ్ళినవాణ్ణి బావిలో పడ్డ బొక్కెన తీయమంటారు. "కోపం తగ్గే ఉపాయం చెప్పండి" అన్నవాడి చేతిలో చిక్కుపడ్డ పురికొస ఉండ పెట్టి, తెంపకుండా విప్పుకు రమ్మంటారు. రైల్వేలో గార్డుగా ముప్పై ఒక్క ఏళ్ళు గూడ్సు బండ్ల చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, దొరికిన శాస్త్రమల్లా చదువుకున్న మనిషి. ఉద్యోగం దిగాక కందుకూరులో చిన్న ఇల్లు కట్టుకుని, సాయంత్రాలు వరండాలో చాప పరిచి, వచ్చినవాళ్ళకు కులం గిలం అడక్కుండా నాలుగు శ్లోకాలు చెబుతుండేవారు. ఆయన శిష్యులు పనిమంతులయ్యారు గాని జ్ఞానులెప్పుడయ్యారో ఎవరికీ తెలియదని ఊళ్ళో వెటకారం. ఆ వెటకారం ఆయన చెవిన పడినా, "పనిమంతులయ్యారుగా, చాల్లే" అని ఊరుకునేవారు.

ఆ శిష్యుల్లో మాల్యాద్రి ఒకడు. వాడి సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడై కాదు. ఇంత మంచివాడు, ఇంత పనివాడు, ఇంత మొద్దు అవతారం ఎలా ఎత్తాడా అని.

మాల్యాద్రిది పొన్నలవాగు. ఆ ఊరి పాలకేంద్రంలో తొమ్మిదేళ్ళుగా పాలు పరీక్ష చేస్తున్నాడు. పొద్దునా సాయంత్రం పాలు పోసేవాళ్ళు వరసగా వస్తారు; వీడు లాక్టోమీటరు ముంచి, గొట్టంలో మందు కలిపి, వెన్న శాతం ఎంతో రాస్తాడు. అది పర్మినెంటు ఉద్యోగం కాదు. పైగా నెలాఖరుకి ఆ కేంద్రానికి కొత్త మిషను వస్తోంది. గరిటెడు పాలు పోస్తే అదే అన్నీ లెక్కగట్టి చీటీ కొడుతుందట, ఇక మాల్యాద్రి అక్కర్లేదు. జిల్లాలోని ఒక డెయిరీ వాళ్ళు పెద్ద ల్యాబులోకి మనుషుల్ని తీసుకుంటున్నారు. ఆ ఉద్యోగానికి ముప్పై నాలుగేళ్ళు దాటకూడదు. మాల్యాద్రికి వచ్చే కార్తీకంతో ముప్పై నాలుగు నిండుతాయి. అప్పటికే ఐదుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళి ఐదుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆరోది గురువారం. అది కూడా తప్పిపోతే తొమ్మిదేళ్ళు పాలు చూసిన ఆ చేతులతో ఏ ఇటుకబట్టీలోనో మట్టి తొక్కుకోవాలి.

మరి వాడు ఊరికే వెళ్ళాడా అంటే, లేదు. అదే అసలు బాధ. ఒక్కో ఇంటర్వ్యూకి ఒక్కో నిష్ఠ పెంచుకుంటూ పోయాడు. మొదటిసారి పెరుగూ పంచదారా తిని కుడికాలు ముందు పెట్టి వెళ్ళాడు. రెండోసారి దానికి పసుపుపచ్చ జేబురుమాలు చేరింది. మూడోసారి గడప దాటగానే ఎదురుగా పిల్లి వచ్చిందని వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేసరికి బస్సు వెళ్ళిపోయింది. అక్కడికి చేరేసరికి వీడి పేరు పిలవడం, తీసేయడం కూడా అయిపోయాయి. నాలుగోసారి వర్జ్యం చూసుకున్నాడు, దుర్ముహూర్తం చూసుకున్నాడు, ఏ వైపు ముక్కులో శ్వాస ఆడుతోందో ఆ వైపు కాలే ముందు పెట్టాడు. ఐదో దానికి ముందు ఆవుకి నానబెట్టిన శనగలు పెట్టాడు. అక్కడితో ఆగాడా! ఆరోదానికి ఏకంగా నలభై రోజుల దీక్ష పట్టాడు. వేకువనే తలస్నానం, పూజ, నూటెనిమిది సార్లు సరస్వతీ మంత్రం, పదకొండు సార్లు హయగ్రీవ స్తోత్రం. ఇల్లంతా అగరొత్తుల పొగ. వాడి భార్య అంకమ్మ దగ్గలేక దగ్గి, "నీ ఉజ్జోగం దేవుడెరుగు, ముందు నా ఊపిరి పోయేట్టుంది" అని నెత్తీ నోరూ బాదుకుంది. వాడు వింటేగా!

దీక్ష ముగిసింది ఆదివారం. ఆ సాయంత్రమే మాల్యాద్రి యజ్ఞేశ్వరం గారి వరండాలో వాలాడు. మిగతా వాళ్ళు లేచి వెళ్ళేదాకా ఓపిక పట్టి, అప్పుడు అడిగాడు.

"గురువుగారూ, నలభై రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా చేశాను. అయినా గురువారం అనేసరికి కాళ్ళల్లో వణుకు తగ్గలేదు. ఎక్కడో లోపం ఉంది. ఏ మంత్రం తక్కువైందో చెప్పండి, ఈ మూడు రోజుల్లో పూర్తి చేస్తాను."

"లోపల ఏమడుగుతారు?" అన్నారు యజ్ఞేశ్వరం గారు.

"మీ గురించి చెప్పండి అంటారు. దానికి ఒంగోలులో కోచింగు సెంటరు వాళ్ళు రాసిచ్చిన కాయితం ఉంది, పొల్లు పోకుండా అప్పజెప్తాను. నేను కష్టపడే స్వభావం గలవాణ్ణి, నలుగురితో కలిసిపోయే గుణం గలవాణ్ణి, కొత్త విషయాలు నేర్చుకోవాలనే తపన గలవాణ్ణి అని. అన్నిసార్లూ అదే చెప్పాను." మాల్యాద్రికి ఐదో ఇంటర్వ్యూ గుర్తొచ్చి ముఖం ముడుచుకుంది. "పోయినసారి కళ్ళద్దాలావిడ ఒకామె ఉంది. నేను అంతా చెప్పి ఊపిరి పీల్చుకుంటుంటే, అదంతా సరే బాబూ, ఇంతకీ నువ్వెవరు అంది. అంతసేపు చెప్పిందెవరికి? గోడకా? వినకుండా కూర్చుంటారండీ వీళ్ళు!"

యజ్ఞేశ్వరం గారు, "పుస్తకం తెచ్చావా? ఆ పూజ ఒకసారి నా ఎదుట చెయ్యి" అన్నారు.

మాల్యాద్రి సంతోషంగా సంచీలోంచి పూజా పుస్తకం తీశాడు. పసుపూ కుంకుమా అంటి, అట్ట నూనె ఓడుతోంది. చాప మీద కూర్చుని ఆచమనం చేశాడు, ప్రాణాయామం చేశాడు, సంకల్పం మొదలుపెట్టాడు. ఏ పూజకైనా ముందు చెప్పుకునే మాట అది. ఏ దేశంలో, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరంలో ఏ తిథినాడు కూర్చుని, ఏ గోత్రం వాడు, ఏ పేరు గలవాడు, ఏం కోరి ఈ పూజ చేస్తున్నాడో దేవుడికి విన్నవించుకోవడం. మాల్యాద్రి గొంతు ఖంగున మోగింది. నదుల పేర్లు చెప్పాడు, తిథి చెప్పాడు, చెప్పి, కళ్ళు అరమోడ్చి, భక్తిగా చదివాడు:

"అముక గోత్రః, అముక నామధేయః..."

అముక అంటే ఫలానా అని. పుస్తకం అచ్చు వేసినవాడికి మనందరి పేర్లూ ఎక్కడ తెలిసి ఛస్తాయి? అందుకని అక్కడ ఫలానా గోత్రం, ఫలానా పేరు అని పెట్టి, ఎవరిది వాళ్ళు చెప్పుకోండని వదిలేశాడు. చిన్నప్పుడు సత్యనారాయణ వ్రతంలో పీటల పక్కన కూర్చున్నవాడికైనా తెలిసే సంగతి. మాల్యాద్రికి తెలియలేదు. ఆ మాట కింద ఎర్రసిరాతో గీత కూడా గీసుకుని, నలభై రోజులూ అక్షరం తప్పు పోకుండా చదివాడు మహానుభావుడు.

యజ్ఞేశ్వరం గారు రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారో కోపం దిగమింగుతున్నారో మాల్యాద్రికి అర్థం కాలేదు.

"ఎవరాయన?" అన్నారు.

"ఎవరండీ?"

"అముకుడు."

"పుస్తకంలో అలాగే ఉందండీ" అన్నాడు మాల్యాద్రి, పేజీ తిప్పి చూపిస్తూ. "ఉచ్చారణ ఏమైనా తేడా వచ్చిందా?"

"ఉచ్చారణ దివ్యంగా ఉంది." యజ్ఞేశ్వరం గారు గట్టిగా నిట్టూర్చారు. "రేపు సోమవారం. పొద్దున ఈ ఊరి శివాలయానికి వెళ్ళి అర్చన చేయించుకు రా. పూజారి గోత్రమూ పేరూ అడుగుతాడు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే చెప్పు. ఒక్క అక్షరం మార్చకు."

"అది చేస్తే లోపం పోతుందాండీ?"

"చేసి రావయ్యా ముందు!"

శ్రావణ సోమవారం. శివాలయంలో అర్చన వరస గుడి బయటిదాకా సాగింది. మాల్యాద్రి కొబ్బరికాయా, పూలూ పట్టుకుని గంటన్నర నిలబడ్డాడు. గర్భగుడి గుమ్మం దగ్గర పూజారి విశ్వపతి పళ్ళెం అందుకుంటూ, గోత్రం అడుగుతూ, పేరు అడుగుతూ, గబగబా లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. ఆ రోజు ఎవరో వ్యాపారస్తుల కుటుంబం అభిషేకం కూడా పెట్టుకుంది. వాళ్ళు తెచ్చిన పాల క్యానులు రెండు మండపంలో స్తంభం పక్కన ఉన్నాయి. అభిషేకానికి పోను మిగిలిన పాలతో వచ్చినవాళ్ళందరికీ పరమాన్నం వండుతామని వంటమనిషి అప్పటికే పెద్ద గుండిగ కడిగి పెట్టాడు. మనిషిని మనిషి నెట్టుకుంటున్న ఆ ఉక్కలో పూజారికి తల ప్రాణం తోకకొచ్చింది. అలాంటప్పుడు మాల్యాద్రి వంతు వచ్చింది.

"గోత్రం?"

"అముక గోత్రమండీ."

విశ్వపతి పళ్ళెం పట్టుకుని ఆగిపోయాడు. "ఏం గోత్రం?"

"అముక."

"పేరు?"

"అముక నామధేయం."

"ఎగతాళిగా ఉందా?" పూజారి గొంతు లేచింది. "అముకుడు నీకేమవుతాడయ్యా? తాతా? ముత్తాతా? అర్చన ఎవరికి?"

"నాకే సామీ."

"మరి నీ పేరు చెప్పి ఏడవొచ్చుగా!"

మాల్యాద్రి ఇరకాటంలో పడ్డాడు. గురువుగారు ఒక్క అక్షరం మార్చొద్దన్నారు. వెనక నుంచి గొణుగుళ్ళు మొదలయ్యాయి. "పేరు మర్చిపోయాడేమో పాపం" అని ఒకరు, "పొద్దున్నే మన ప్రాణానికి దొరికాడు" అని ఇంకొకరు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకున్న ఒకావిడ, "అన్నా, నీకు పుణ్యముంటుంది, ఏదో ఒక పేరు చెప్పన్నా, నా బిడ్డ ఏడుస్తుండాడు" అని బతిమాలింది. మాల్యాద్రి చెవులు ఎర్రబడ్డాయి. ఇంటర్వ్యూ గదిలో వణికినట్టే ఇక్కడా కాళ్ళు వణికాయి. అముక అని మళ్ళీ నోట్లోనే గొణిగాడు.

"పక్కన నిలబడు. గుర్తొచ్చాక రా" అని విశ్వపతి పళ్ళెం వాడి చేతిలోనే పెట్టేసి తరవాతి మనిషిని పిలిచాడు.

మాల్యాద్రి స్తంభం పక్కకి జరిగి నిలబడ్డాడు. అవమానంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువుగారి మీద కూడా కోపం వచ్చింది. నలభై రోజులు నిష్ఠగా చేసినవాణ్ణి నలుగురిలో నగుబాటు చేయడానికా ఈయన ఇక్కడికి పంపింది? ఈ ముసలాయన్ని నమ్ముకోవడమే తప్పనుకున్నాడు. అలా కుతకుతలాడిపోతుండగా, వంటమనిషి వచ్చి పక్కనే క్యాను మూత తీసి, అభిషేకం బిందెలోకి పాలు వంచడం మొదలుపెట్టాడు.

మాల్యాద్రి ముక్కు దానంతటదే అటు తిరిగింది. తరవాత కళ్ళు తిరిగాయి. బిందె అంచున పాలు జారిన చోట, చూసీ చూడనట్టు, సన్నటి పలుకులు అంటుకుని ఉన్నాయి.

"ఆపు!" అని అరిచాడు మాల్యాద్రి. "ఆ పాలు పొయ్యొద్దు! విరగబోతున్నయ్యి!"

గుడంతా ఇటు తిరిగింది. వంటమనిషి క్యాను అలాగే పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. పీటల మీద కూర్చున్న వ్యాపారస్తుడు చరచరా లేచి వచ్చాడు. "ఏమయ్యా, మా పాలకి వంక పెడతావా? తెల్లగా మల్లెపూవులా ఉంటే!" విశ్వపతి హారతి పళ్ళెం పక్కన పెట్టి మండపంలోకి వచ్చేశాడు. ఇక ఆయన ఓపిక పూర్తిగా చచ్చింది.

"ఇందాకట్నుంచి చూస్తున్నా. పేరడిగితే చెప్పవు. పూజ సాగనివ్వవు. అసలు నువ్వెవరివయ్యా?"

అప్పుడు మాల్యాద్రికి గురువూ గుర్తు రాలేదు, పుస్తకమూ గుర్తు రాలేదు. కళ్ళ ముందు ఆ పాలు ఒక్కటే ఉన్నాయి.

"నేను మాల్యాద్రిని సామీ!" అన్నాడు. "పొన్నలవాగు కోటయ్య కొడుకుని. మా ఊరి పాలకేంద్రంలో తొమ్మిదేళ్ళ నుంచి పాలు చూస్తున్నా. పూటకి నూట ఇరవై మంది పోసే పాలు ఈ ముక్కు దాటుకునే పోవాల. ఎవరు పొద్దుటి పాలల్లో రాత్రి పాలు కలిపారో మూత తీస్తే చెప్తా. సోడా కలిపుంటే రెండు వేళ్ళ మధ్య రాసి చెప్తా. ఇయ్యి మంచి గేదె పాలే, ఈ అయ్యగారు మోసం చేసిందేం లేదు. ఎప్పుడో తెల్లారకముందు పితికి, మూత బిగించి, ఈ ఉక్కలో పెట్టారు. గ్లాసుడు తీసి పొయ్యి మీద పెట్టండి. విరక్కపోతే నన్ను మెడబట్టి ఈ గుళ్ళోంచి గెంటండి!"

ఇంత మాట ఒక్క ఊపిరిలో వాడి నోట్లోంచి వచ్చిందంటే నేనైతే నమ్మేవాణ్ణి కాదు. కాని ఆ వరసలో ఉన్నవాళ్ళు నాలుగు రోజులు ఊరంతా చెప్పుకున్నారు. వంటమనిషి చిన్న గిన్నెలో పాలు తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టాడు. వ్యాపారస్తుడూ, పూజారీ, చంకలో పిల్లాడున్నావిడా వంటశాల గుమ్మంలో గుమిగూడారు. పొంగు రాకముందే పాలు నీళ్ళు నీళ్ళుగా, ముక్కలు ముక్కలుగా విడిపోయాయి. వ్యాపారస్తుడు, "శివ శివా! ఎంత గండం తప్పింది" అని లెంపలు వాయించుకుని, మళ్ళీ పాలు తెమ్మని మనిషిని పరుగెత్తించాడు. వంటమనిషి గుండిగ వంకా మాల్యాద్రి వంకా చూసి దణ్ణం పెట్టాడు.

విశ్వపతి మాల్యాద్రి చేతిలో పళ్ళెం తనే అందుకున్నాడు. "గోత్రం?"

"తెలీదు సామీ" అన్నాడు మాల్యాద్రి, మళ్ళీ గొంతు తగ్గించి. "మా నాయన చెప్పకుండానే పోయాడు."

"తెలియకపోతే శివగోత్రం. ఆ మాట ఇందాకే చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని కసురుకుంటూనే పూజారి లోపలికి వెళ్ళి, గట్టిగా, శివగోత్రం మాల్యాద్రి అని చదివి అర్చన చేశాడు. గర్భగుడిలో ఆ పేరు గణగణమంది. అది తన పేరేనని మాల్యాద్రికి ఒక క్షణం తట్టలేదు.

ఆ సాయంత్రం వాడు తల వంచుకుని గురువుగారి వరండా ఎక్కాడు. ఏదో ఘనకార్యం చేసినవాడిలా వస్తాడనుకుంటున్నారేమో! నేరం చేసినవాడిలా వచ్చాడు.

"క్షమించండి గురువుగారూ. మీ మాట నిలబెట్టలేకపోయాను. పుస్తకంలో ఉన్న పేరే చెప్పాను, పూజారి గారు ఊరుకోలేదు. చివరికి నా పేరే చెప్పాల్సి వచ్చింది" అని జరిగిందంతా చెప్పాడు.

యజ్ఞేశ్వరం గారు అరచేత్తో నుదురు కొట్టుకున్నారు. తరవాత, "గట్టిగానే చెప్పావా?" అని అడిగారు.

"అరిచానండీ. పాలు పోతయ్యన్న ఆదుర్దాలో."

"కాళ్ళు వణికాయా?"

మాల్యాద్రి ఆలోచించాడు. "అముక అన్నప్పుడు వణికాయండీ. ఆ తరవాత చూసుకోలేదు."

"సరే. గురువారం వెళ్ళిరా."

"మరి నా లోపం? ఏ మంత్రం తక్కువైందో చెప్పనేలేదు!"

"వెళ్ళవోయ్, నా తండ్రీ, వెళ్ళు" అని ఆయన లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మాల్యాద్రి మూసిన తలుపు వంక చూసి ఉసూరుమన్నాడు. ముసలాయనకి చాదస్తం ముదిరిందని దారంతా గొణుక్కుంటూ పోయాడు.

గురువారం తెల్లవారుజామున మళ్ళీ పూజ. మళ్ళీ అదే పుస్తకం. అంత జరిగాక కూడా వాడు ఏం చదివాడో ఊహించగలరా? అముక గోత్రః, అముక నామధేయః. అంకమ్మ పెరుగూ పంచదారా చేతిలో పెట్టి, "ఈసారి పిల్లి కాదు కదా పులొచ్చినా వెనక్కి తిరగబాక" అని బస్సు దాకా తనే వెంట వచ్చి ఎక్కించింది.

డెయిరీ ఆఫీసులో బల్లకి అవతల ముగ్గురు. మధ్యలో ఆ కళ్ళద్దాలావిడే. కాగితాలు తిరగేస్తూ, తల ఎత్తకుండానే, "మీ గురించి చెప్పండి" అందామె. మాల్యాద్రి జేబులో పసుపు రుమాలు పిసుకుతూ మొదలుపెట్టాడు. కష్టపడే స్వభావం అన్నాడు. నలుగురితో కలిసిపోయే గుణం అన్నాడు. పక్కనున్నాయన ఆవులింత చేత్తో మూసుకున్నాడు. పొద్దుటి నుంచి అదే కాగితం, అదే కోచింగు సెంటరుది, పదిహేనుమంది నోట విని ఉంటారు పాపం. కొత్త విషయాలు నేర్చుకోవాలనే తపన దగ్గరికి వచ్చేసరికి ఆమె కలం కింద పడేసింది.

"ఆపవయ్యా బాబూ. అదంతా సరే. అసలు నువ్వెవరివి?"

ఆ ప్రశ్న మూడు రోజుల కిందట వేరే గొంతుతో వినబడిన ప్రశ్నే. అదే విసుగు, అదే మాట. మాల్యాద్రి కళ్ళ ముందు బిందె అంచున పలుకులు మెదిలాయి. ఏం చెప్పాలా అని వాడు వెతుక్కునే లోపలే నోరు తెరుచుకుంది.

"నేను మాల్యాద్రినండీ. పొన్నలవాగు కోటయ్య కొడుకుని. మా పాలకేంద్రంలో తొమ్మిదేళ్ళ నుంచి పాలు చూస్తున్నా..."

ఆవులించినాయన నిటారుగా కూర్చున్నాడు. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, సోడా కలిసిన పాలు ఎలా పట్టుకుంటావని అడిగింది. వేళ్ళ మధ్య సబ్బునీళ్ళలా జారతాయని మొదలుపెట్టి, తరవాత గొట్టంలో ఏ మందు వేస్తే ఏ రంగు తిరుగుతుందో చెప్పాడు. వేసవిలో పాలు ఎన్ని గంటలు నిలుస్తాయంది. ఏ గడ్డి మేసిన గేదెవో అడిగి మరీ చెప్పాడు. మీ ఊళ్ళో మిషను వస్తోందిగా, ఇక మనిషెందుకని మూడో ఆయన మెలిక పెట్టాడు. "మిషను ఎన్న శాతం చెప్తదండీ. పాలు కంపు కొడితే దానికి తెలవదు కదా" అన్నాడు మాల్యాద్రి. ముగ్గురూ నవ్వారు. పది నిమిషాల పని ముప్పావుగంట పట్టింది. బయటికొచ్చాక గాని పసుపు రుమాలు లోపల కుర్చీ కిందే పడిపోయిందని వాడికి తెలియలేదు. అయ్యో, శకునం బాగోలేదని రోజంతా కుమిలాడు.

పదహారో రోజున కాగితం వచ్చింది. ల్యాబులో ఉద్యోగం. ఒకటో తారీకున చేరమన్నారు.

అంకమ్మ జున్ను వండి ఇత్తడి గిన్నెలో పెట్టి ఇచ్చింది. అది పట్టుకుని మాల్యాద్రి గురువుగారింటికి పరుగెత్తాడు. కాళ్ళ మీద పడి లేచి, కళ్ళు తుడుచుకున్నాడు. యజ్ఞేశ్వరం గారు కాగితం రెండుసార్లు చదివి, "మాల్యాద్రి. కోటయ్య కుమారుడు" అని పైకి చదివి, మడిచి వాడి జేబులో తనే పెట్టారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయని మాల్యాద్రి తరవాత అంకమ్మతో చెప్పాడు. అంతటితో ఊరుకుని ఇంటికెళ్ళి ఉంటే ఎంత బాగుండేది! ఊరుకోలేదు.

"గురువుగారూ, ఒక్క సందేహం" అన్నాడు, జున్ను గిన్నె ముందుకు జరుపుతూ. "నలభై రోజుల్లో ఏది ఫలించినట్టండీ? హయగ్రీవ స్తోత్రమా, సరస్వతీ మంత్రమా? మా బావమరిదికి కూడా వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది. ఈ పుస్తకం వాడికిద్దామనుకుంటున్నా. ఇందులో ఉన్నది ఉన్నట్టు చదవమని గట్టిగా చెప్తాను."

యజ్ఞేశ్వరం గారు జున్ను ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగారు. వాడి ముఖంలోకి చూశారు. వాడు నిజంగానే అడుగుతున్నాడు. ఆయన ముక్క గిన్నెలో వదిలేసి, పుస్తకం ఇటివ్వమని చెయ్యి చాచారు. సంకల్పం ఉన్న పేజీ తెరిచి, చెవి మీది పెన్సిలు తీసి, ఎర్రసిరా గీత ఉన్న ఆ రెండు మాటలూ కొట్టేశారు. కొట్టేసిన చోట ఇంకేమీ రాయకుండా వాడికి తిరిగి ఇచ్చేశారు.

"ఇవ్వు. రెండూ గొప్పవే, రెండూ చదవమను. కాని ఇక్కడ మాత్రం వాడి పేరు వాణ్ణే చెప్పుకోమనరా, నీకు దణ్ణం పెడతాను. నలభై రోజులు ఆ అముకుడి ఇల్లెక్కడా అని దేవుడు ఊరంతా తిరిగాడు. పాపం, ఆయనా పెద్దవాడయ్యాడు."